అరటి ప్యాక్‌హౌస్ పత్రంలో ‘విల్ బీ’: ఒక అభ్యాసకురాలి కేస్ స్టడీ

నేపథ్యం

అనంతపురంలో ఉద్యోగులకు ఇంగ్లీషు రాత నేర్పే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి మాట్లాడడం కన్నా రాయడంతోనే ఎక్కువ అవసరం ఉంటుంది. బ్యాంకుకు లేఖలు, కంపెనీ మెయిళ్లు, తనిఖీ నివేదికలు, నోటీసులు వారు ఇంగ్లీషులోనే రాయవలసి వస్తుంది. ఇక్కడ వివరిస్తున్న కేసు కూడా అటువంటిదే. అభ్యాసకురాలి అనుమతి తీసుకునే దీన్ని రాస్తున్నాను. ఆమెను గానీ ఆమె పనిచేసే సంస్థను గానీ గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించాను, కొన్నింటిని మార్చాను. వ్యాకరణానికి సంబంధించిన వాక్యాలను మాత్రం ఆమె రాసినవి రాసినట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ వాక్యాల్లోనే ఉంది.

ఆమె వయసు ముప్పై దాటింది. పదో తరగతి వరకు తెలుగు మీడియంలోనూ, ఆ తర్వాత బీఎస్సీ ఇంగ్లీషు మీడియంలోనూ చదివారు. తాడిపత్రి, పుట్లూరు వైపు తోటల్లో పండే గ్రాండ్ నైన్ అరటిని విదేశాలకు పంపే ఒక ప్యాక్‌హౌస్‌లో నాణ్యతా విభాగం చూసుకుంటారు. పనిలో ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు. గెలలు షెడ్డుకు చేరిన దగ్గర నుంచి, వాటిని హస్తాలుగా, అంటే కాయల అత్తాలుగా విడదీయడం, సొన పోయేలా నీటి తొట్టెల్లో కడగడం, పటిక కలిపిన నీళ్లలో ముంచడం, తడి ఆరాక తూకం వేసి పెట్టెల్లో సర్దడం, ఆ పెట్టెలను పదమూడు పద్నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లబరచడం వరకు ప్రతి దశలో ఏది ఎందుకు చేస్తారో ఆమె వివరంగా చెప్పగలరు. అంతకన్నా ఎక్కువ చల్లబడితే తొక్క నల్లబారుతుంది, వేడి మిగిలితే ఓడ దిగకముందే పండిపోతుంది, కాబట్టి ఉష్ణోగ్రత రాసే రిజిస్టరు తన ప్రాణంతో సమానమని ఆమె మొదటి రోజే నాతో అన్నారు.

ఎదురైన సమస్య

ఈ దశలన్నింటినీ వివరించే ఆరు పేజీల పద్ధతి పత్రాన్ని ఆమె సొంతంగా ఇంగ్లీషులో తయారుచేశారు. కొనుగోలుదారు తరఫున వచ్చిన ఆడిటరు రెండు రోజులుండి, పని అంతా చూసి, పత్రాన్ని చదివి వెళ్లారు. ఆయన పంపిన నివేదికలో పత్రంలోని చాలా వాక్యాల పక్కన ఒకే ప్రశ్న ఉంది: ఇది ఇప్పుడు జరుగుతున్నదా, లేక ముందు ముందు చేయాలనుకుంటున్నదా? కొన్ని అంశాల ఎదుట ‘ప్లాన్డ్’ అని మాత్రమే రాశారు. అంటే తలపెట్టారు గానీ ఇంకా అమల్లోకి రాలేదని అర్థం.

ఆ నివేదికను నా ముందు పెట్టినప్పుడు ఆమె గొంతులో బాధ స్పష్టంగా వినిపించింది. “రోజూ చేస్తాండాం సార్. ఆయనే ముందర నిలబడి కళ్లారా చూసినాడు. మళ్లా ప్లాన్డ్ అని ఎందుకు రాసినాడో నాకు అర్థం కాలేదు,” అన్నారు.

పత్రం తెరిస్తే కారణం మొదటి పేజీలోనే కనిపించింది. “ది ఫ్రూట్ విల్ బీ వాష్‌డ్ ఇన్ క్లీన్ వాటర్.” “ది హ్యాండ్స్ విల్ బీ డిప్‌డ్ ఇన్ ఆలమ్ సొల్యూషన్.” “ది టెంపరేచర్ విల్ బీ రికార్డెడ్ ఎవ్రీ అవర్.” రోజూ జరిగే పని అంతా భవిష్యత్తులో జరగబోయేదిగా పత్రం నిండా పరుచుకుని ఉంది. ప్రెజెంట్ సింపుల్‌లో “ఈజ్ వాష్‌డ్”, “ఆర్ డిప్‌డ్”, “ఈజ్ రికార్డెడ్” అని ఉండవలసిన ప్రతిచోటా ఫ్యూచర్ ప్యాసివ్ వచ్చింది. ప్యాసివ్ అంటే పని చేసేవారిని కాకుండా, పని దేని మీద జరుగుతుందో దాన్ని ముందు పెట్టి చెప్పే వాక్యం.

ఇక్కడ ఒక విషయంలో తీర్పు చెప్పే ముందు కొంత జాగ్రత్త పడ్డాను. “విల్ బీ రికార్డెడ్” అన్నది వ్యాకరణం ప్రకారం తప్పు వాక్యం కాదు. మన దేశంలో కాలేజీ నోటీసులు, కార్యాలయాల ఉత్తర్వులు చాలావరకు ఇలాగే ఉంటాయి, వాటిని చదివే మనం ఎక్కడా తడబడము. ఒక పని ఎవరి బాధ్యతో చెప్పేటప్పుడు ఇంగ్లీషు వారు కూడా ‘విల్’ వాడతారు. అయితే ఆడిట్ పత్రం చదివే మనిషికి కావలసింది ఒకే ఒక్క సంగతి: ఈ పని జరుగుతోందా, లేదా? ఆ ప్రశ్నకు రెండు రకాలుగా జవాబిచ్చే వాక్యం తప్పు కాకపోయినా ఆ పత్రానికి పనికిరాదు. ఆమెకు ఈ మాటే చెప్పాను. తన ఇంగ్లీషు పనికిమాలినదన్న దిగులుతో ఆమె వచ్చారు కాబట్టి, ముందుగా అది తీరడం అవసరమనిపించింది.

మొదటి నిర్ధారణ, దాని ఆధారంగా చేసిన ప్రయత్నం

నా మొదటి ఆలోచన అందరికీ తోచేదే. తెలుగులో ‘కడుగుతాం’ అన్న ఒక్క రూపమే రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. ‘పొద్దున్నే లేస్తాను’ అంటే అలవాటు, ‘రేపు పొద్దున్నే లేస్తాను’ అంటే భవిష్యత్తు. క్రియలో మాత్రం మార్పేమీ లేదు. వ్యతిరేకార్థంలోనూ అంతే. ‘లోపలికి రానివ్వరు’ అన్నది ఎప్పుడూ ఉండే నియమమూ కావచ్చు, రేపటి మాటా కావచ్చు. మన సంప్రదాయ వ్యాకరణం ‘తద్ధర్మం’ అనే పేరుతో స్వభావాన్నీ నిత్యసత్యాన్నీ వేరుగా గుర్తించింది గానీ, నేటి వాడుకలో ఆ అర్థమూ భవిష్యదర్థమూ ఒకే క్రియారూపంలో కలిసిపోయాయి. ఇంగ్లీషు ఆ రెండింటినీ విడదీస్తుంది. తెలుగులో లేని గీతను ఇంగ్లీషులో గీయవలసి రావడమే ఆమె ఇబ్బంది అని అనుకున్నాను.

అందుకని చాలామంది ఉపాధ్యాయులు చేసే పనే చేశాను. ఎవ్రీ డే, ఆల్వేస్, యూజువల్లీ వంటి మాటలుంటే ప్రెజెంట్, టుమారో, నెక్స్ట్ వీక్ వంటివి ఉంటే ఫ్యూచర్ అని చెప్పి, ఖాళీలు నింపే అభ్యాసం ఇచ్చాను. ఆమె ఒక్కటి కూడా తప్పు చేయలేదు. ఆ సాయంత్రమే పత్రంలో ఒక పేజీ మళ్లీ రాసి పంపారు. అందులో “విల్ బీ చెక్‌డ్ ఎవ్రీ డే” అని ఉంది. ఆధారపడమని నేను చెప్పిన మాట అదే వాక్యంలో ఉన్నా, అది ఆమె చేతిని ఆపలేకపోయింది. అభ్యాసంలో తెలిసినది రాతలోకి రాలేదంటే లోటు తెలియకపోవడంలో లేదని అప్పుడే గ్రహించి ఉండవలసింది. నేను గ్రహించలేదు.

రెండో ప్రయత్నం, దాని నష్టం

ఆడిటరుకు జవాబు పంపే గడువు దగ్గర పడుతోంది. తొందరలో ఆమెకు ఒక మొండి సూత్రం ఇచ్చాను: ప్యాక్‌హౌస్ గురించి ఏది రాసినా ‘విల్ బీ’ కొట్టేసి ‘ఈజ్’ లేదా ‘ఆర్’ పెట్టండి. పత్రం వరకు అది పనిచేసింది. ఆరు పేజీలూ సరయ్యాయి, సవరించిన ప్రతిని కొనుగోలుదారు అంగీకరించారు. అక్కడితో కేసు ముగిసిందని అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆమె ఫోన్ చేశారు. కోల్డ్ రూములో మరమ్మతు ఉండటంతో ఒక శుక్రవారం లోడింగు ఆపవలసి వచ్చి, కంటైనర్లు పంపే ఏజెంటుకు ఆమె ఇలా మెయిలు రాశారు: “ది కోల్డ్ రూమ్ ఈజ్ క్లోజ్‌డ్ ఆన్ ఫ్రైడే.” వేరే రాష్ట్రంలో కూర్చుని చదివిన ఆ ఏజెంటు దాన్ని వారపు సెలవుగా అర్థం చేసుకుని, ఆ తర్వాతి శుక్రవారం కూడా కంటైనరు పంపలేదు. ఒక రోజు సరుకు గదిలోనే ఆగిపోయింది. తేదీ రాయకపోవడం కూడా దీనికి ఒక కారణమే గానీ, “విల్ బీ క్లోజ్‌డ్ దిస్ ఫ్రైడే” అని ఉంటే ఎవరూ పొరబడేవారు కారు. ఆమె తనకు సహజంగా వచ్చే ‘విల్ బీ’నే మొదట రాసి, నా సూత్రం గుర్తుకొచ్చి దాన్ని కొట్టేశారని తర్వాత తెలిసింది. సరైన వాక్యాన్ని నా మాట మీద తప్పుగా మార్చుకున్నారు. ఈ బాధ్యత పూర్తిగా నాదే, ఆ సంగతి ఆమెకు కూడా చెప్పాను.

మళ్లీ మొదటికి: పత్రాన్ని వేరే కళ్లతో చదవడం

ఈసారి సూత్రాలు ఇవ్వడం మాని, ఆమె మొదటిసారి రాసిన, సవరించని ఆరు పేజీలను తీసుకుని ఒక ఆదివారం కూర్చున్నాను. ప్రతి వాక్యాన్నీ తప్పా ఒప్పా అని చూడకుండా, ఏ రకం వాక్యంలో తప్పు వచ్చింది, ఏ రకంలో రాలేదు అని వేరు చేశాను. అప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. రెండూ నా మొదటి నిర్ధారణకు ఎదురుతిరిగినవే.

మొదటిది, యాక్టివ్ వాయిస్‌లో రాసిన వాక్యాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. “వర్కర్స్ వేర్ గ్లవ్స్.” “ది సూపర్‌వైజర్ సైన్స్ ది రిజిస్టర్.” ఎక్కడా ‘విల్’ లేదు. అలవాటుకూ భవిష్యత్తుకూ తేడా తెలియని మనిషి అయితే ఇక్కడ కూడా తడబడాలి కదా! తప్పులన్నీ ప్యాసివ్ వాయిస్‌లోనే ఉన్నాయి, ప్యాసివ్‌లో ఉన్న దాదాపు ప్రతి వాక్యంలోనూ ఉన్నాయి.

రెండోది ఇంకా విచిత్రమైనది. ఆమె ఒకచోట “ఆఫ్టర్ ది ఫ్రూట్ విల్ బీ వాష్‌డ్” అని, ఇంకోచోట “వెన్ ది బంచెస్ విల్ బీ రిసీవ్‌డ్” అని రాశారు. ఇంగ్లీషులో ఆఫ్టర్, వెన్, అంటిల్, ఇఫ్ వంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యంలో భవిష్యత్తును చెప్పేటప్పుడు కూడా ‘విల్’ రాదు, ‘ఈజ్ వాష్‌డ్’, ‘ఆర్ రిసీవ్‌డ్’ అనే ఉండాలి. అయితే నన్ను ఆపింది ఆ నియమం కాదు. తెలుగులో ఈ మాటలను ఎలా అంటామో ఆలోచించండి: ‘కడిగిన తర్వాత’, ‘గెలలు వచ్చినప్పుడు’, ‘వస్తే’. వీటిలో భవిష్యత్తు ఛాయ కూడా లేదు. తెలుగు ఆలోచనే నేరుగా ఇంగ్లీషులోకి దిగి ఉంటే ఈ వాక్యాల్లో ‘విల్’ రావడానికి ఏ దారీ లేదు. అయినా వచ్చింది. కాబట్టి అది మరెక్కడి నుంచో వస్తోంది.

ఊహించడం మాని ఆమెనే అడగడం మంచిదనిపించింది. ఒక ఖాళీ కాగితం ఇచ్చి, తొట్టె నీళ్లు మార్చే పని గురించి ఒక్క వాక్యం రాయమని, రాస్తూ మనసులో ఏమనుకుంటున్నారో అది పైకి చెప్పమని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, “నీళ్లు మార్చబడును... విల్ బీ చేంజ్‌డ్,” అన్నారు.

“ఆ ‘మార్చబడును’ ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? ఇంట్లో అట్లా అంటారా?” అని అడిగాను.

“ఇంట్లో ఎవురంటారు సార్? ఆఫీసు కాయితం కదా, అట్ల రాస్తేనే కదా బాగుంటుంది. బోర్డుల మీద గూడా అట్లే ఉంటాది.”

ఆ ఒక్క జవాబుతో ముడి విడిపోయింది. ఆమె ‘మారుస్తాం’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లడం లేదు. అధికారిక పత్రం అనగానే మొదట మాట్లాడే తెలుగును పక్కన పెట్టి, బోర్డుల తెలుగులోకి వెళ్లి, అక్కడి ‘బడును’ను ‘విల్ బీ ప్లస్ వీ త్రీ’ (వీ త్రీ అంటే ‘వాష్‌డ్’, ‘టేకెన్’ వంటి క్రియ మూడో రూపం) అని బడిలో కంఠతా పట్టిన జంటగా మార్చి, అప్పుడు కాగితం మీద పెడుతున్నారు. ‘బడు’కు సమానం ‘బీ’ అనీ, చివరనున్న ‘ను’కు సమానం ‘విల్’ అనీ ఆమె మనసులో స్థిరపడిపోయింది. యాక్టివ్ వాక్యాల్లో ఈ మజిలీ లేదు కాబట్టే అక్కడ తప్పు రాలేదు. ఉపవాక్యాల్లో కూడా ‘విల్’ రావడానికి కారణం ఇదే: ఆమె దృష్టిలో ‘విల్ బీ’ ఒక కాలాన్ని చెప్పే గుర్తు కాదు, ప్యాసివ్‌ను చెప్పే గుర్తు.

బోర్డులతో చేసిన పని

సమస్య బోర్డుల నుంచి వచ్చింది కాబట్టి పరిష్కారం కూడా అక్కడే మొదలుపెట్టాను. టవర్ క్లాక్ నుంచి నా గది వరకు నడిచి వచ్చే దారిలో ‘బడును’ ఉన్న బోర్డులన్నింటినీ ఫోన్‌లో ఫోటో తీసుకుని రమ్మన్నాను. ఆమె తెచ్చినవాటిలో ఇవి ఉన్నాయి: ‘ఇచ్చట సైకిళ్లు బాగుచేయబడును’, ‘జిరాక్స్ తీయబడును’, ‘ఫోటోలకు ఫ్రేములు కట్టబడును’, ఒక ఖాళీ జాగా గోడ మీద ‘ఈ స్థలము అమ్మబడును’.

మొదటి మూడింటినీ ఇంగ్లీషులో చెప్పమంటే ఆమె ఆలోచించకుండా ‘విల్ బీ రిపేర్డ్’ అన్నారు. అప్పుడు ఒక ప్రశ్న అడిగాను, తర్వాత ఈ కేసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది: “నిరుడు కూడా ఈ మాట నిజమేనా?” సైకిల్ షాపు ఆయన నిరుడూ సైకిళ్లు బాగుచేశాడు, ఈ పొద్దున కూడా చేశాడు, రేపూ చేస్తాడు. మూడు కాలాల్లోనూ నిలిచే మాటకు ఇంగ్లీషు ఇచ్చే రూపం ప్రెజెంట్ సింపుల్, కాబట్టి “సైకిల్స్ ఆర్ రిపేర్డ్ హియర్.” ఖాళీ జాగా సంగతి అలా కాదు. అది నిరుడు అమ్ముడుపోయి ఉంటే ఈరోజు ఆ బోర్డు ఉండదు. అది ఒక్కసారి, ఇకముందు జరిగే పని. ఆ బోర్డును ఇంగ్లీషువారు ‘ఫర్ సేల్’ అని ముగిస్తారు గానీ, పూర్తి వాక్యం కావాలంటే దానికే ‘విల్ బీ సోల్డ్’ తగుతుంది. రెండు బోర్డుల మీదా ఉన్నది అదే ‘బడును’. అంటే దాన్ని చూసి ఇంగ్లీషు కాలాన్ని నిర్ణయించలేమన్న సంగతి ఆమెకు నేను చెప్పనక్కర్లేకుండానే తెలిసింది.

ఈ ప్రశ్ననే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. ‘ఇది అలవాటా, భవిష్యత్తా?’ అని వ్యాకరణ భాషలో అడిగితే ఆమె మళ్లీ సూత్రాల వైపు పోతారు. ‘నిరుడు’ అన్నది ఆమె రోజువారీ మాట, దానికి జవాబు పుస్తకంలో కాకుండా ఆమె ప్యాక్‌హౌస్ అనుభవంలో ఉంది. ఉష్ణోగ్రత నిరుడు కూడా గంటకోసారి రాశారా? రాశారు. “ఈజ్ రికార్డెడ్.” కోల్డ్ రూము నిరుడు శుక్రవారాల్లో మూసి ఉందా? లేదు, ఈ ఒక్క వారమే. “విల్ బీ క్లోజ్‌డ్.”

దీనికి తోడుగా రాసే క్రమాన్ని కూడా మార్చాను. ‘బడును’ మజిలీ లేకుండా చేయాలంటే, ప్యాసివ్ వాక్యం రాయవలసిన ప్రతిసారీ ముందు ఆ పని ఎవరు చేస్తారో ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పుకోవాలి: ‘మా వాళ్లు గంటకోసారి తొట్టె నీళ్లు మారుస్తారు.’ దాన్ని యాక్టివ్ ఇంగ్లీషులో పెట్టాలి: “వర్కర్స్ చేంజ్ ది వాటర్.” ఆ తర్వాతే తిప్పాలి: “ది వాటర్ ఈజ్ చేంజ్‌డ్.” వాయిస్ మారినప్పుడు కాలం మారదన్న సంగతి బడిలో అందరూ చదువుకున్నదే, ఆమెకూ తెలుసు, ఆమె యాక్టివ్ వాక్యాల్లో కాలం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది కాబట్టి, ఆమె బలాన్నే ఆమె బలహీనతకు ఊతంగా ఇచ్చినట్టయింది. మొదట్లో ఇది నెమ్మదిగా సాగింది. ఒక పేజీకి గంట పట్టేది. రెండు వారాలు దాటాక మధ్య మెట్టు అవసరం లేకుండానే రాయసాగారు.

‘నిరుడు’ చాలని చోట్లు

ఈ ప్రశ్నకు హద్దులున్నాయి, వాటిని దాచకుండా ఆమెతో పంచుకున్నాను.

కొత్తగా మొదలయ్యే నియమానికి నిరుడు అనేది ఉండదు. ‘వచ్చే నెల నుంచి రోజుకు రెండుసార్లు శాంపిళ్లు తీస్తారు’ అన్న మాటను ఏం చేయాలి? ఇక్కడ కాలాన్ని నిర్ణయించేది పని స్వభావం మాత్రమే కాదు, ఆ వాక్యం ఏ కాగితం మీద ఉందన్నది కూడా. ఆ మార్పును సిబ్బందికి తెలియజేసే సర్క్యులర్‌లో “శాంపిల్స్ విల్ బీ టేకెన్” అనే రాయాలి, ఎందుకంటే చదివే రోజుకు అది ఇంకా మొదలుకాలేదు. అదే నియమం పద్ధతి పత్రంలోకి ఎక్కినప్పుడు “శాంపిల్స్ ఆర్ టేకెన్” అవుతుంది, ఎందుకంటే ఆ పత్రాన్ని తెరిచే ఏ రోజునైనా అది జరుగుతూ ఉండాలి. దీన్ని వివరిస్తున్నప్పుడే ఆమె ఒక మంచి ప్రశ్న అడిగారు: కొనుగోలుదారు ఇచ్చిన ప్రమాణాల పుస్తకంలో ‘షల్ బీ రికార్డెడ్’ అని ఉంది కదా, అది ఏ కాలం?

అది కాలం కాదు, ఆజ్ఞ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పత్రాల్లో ‘షల్’ అంటే తప్పనిసరిగా చేయవలసినది, ‘షుడ్’ అంటే చేయడం మంచిదని సూచన. ఆ తేడాను వారు కచ్చితంగా పాటిస్తారు. ఆమె ప్రశ్నతో నాకు కూడా ఒక కొత్త వరుస దొరికింది. ఉష్ణోగ్రత రాయడం అనే ఒకే పనిని ప్రమాణం “షల్ బీ రికార్డెడ్” అని ఆదేశిస్తుంది, పద్ధతి పత్రం “ఈజ్ రికార్డెడ్” అని జవాబిస్తుంది, ఆ రోజు రిజిస్టరు “వాజ్ రికార్డెడ్” అని సాక్ష్యం చెబుతుంది. ఆడిటరు చేసే పని ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే. ఆమె పత్రంలో మధ్య మెట్టు దగ్గర ‘విల్ బీ’ ఉండటంతో, ఆదేశానికి జవాబుగా ఆయనకు ఒక వాగ్దానం మాత్రమే కనిపించింది. తనను నమ్మలేదన్న ఆమె బాధ పూర్తిగా తీరింది ఇక్కడే అనుకుంటాను. “ఆయన తప్పేం లేదు సార్, కాయితం అట్ల చెప్పింది,” అన్నారు.

నియమమూ హెచ్చరికా కలిసే చోట కొంత స్వేచ్ఛ ఉంటుంది. ఇంటర్మీడియట్ పరీక్షలప్పుడు ‘నిమిషం ఆలస్యమైనా అనుమతించరు’ అన్న మాట మనకందరికీ తెలుసు. దాన్ని నియమంగా చెబితే “ఆర్ నాట్ అలౌడ్”, ఆ రోజు ఆలస్యంగా వచ్చే విద్యార్థికి ఏం జరుగుతుందో హెచ్చరికగా చెబితే “విల్ నాట్ బీ అలౌడ్”. రెండూ సరైనవే. “గుజ్జు వేడి పద్నాలుగు డిగ్రీలు దాటితే ఆ లాటును తిరస్కరిస్తారు” అన్న వాక్యాన్ని ఆమె పద్ధతి పత్రంలో “ఈజ్ రిజెక్టెడ్” అని, తోట యజమానులకు పంపే లేఖలో “విల్ బీ రిజెక్టెడ్” అని రాశారు. ఎందుకలా రాశారని నేను అడగలేదు, అడగనవసరం లేదనిపించింది.

చివరగా ఒక చిక్కు, ఇందులో తెలుగే మనకు సాయం చేస్తుంది. “ది కోల్డ్ రూమ్ ఈజ్ లాక్‌డ్ ఎట్ టెన్” అంటే పది గంటలకు తాళం వేస్తారా, లేక పది గంటలకు చూస్తే తాళం వేసి ఉంటుందా? ఇంగ్లీషు ప్రెజెంట్ ప్యాసివ్ ఈ రెండింటినీ ఒకే రూపంలో కలిపేస్తుంది. తెలుగు ఎన్నడూ కలపదు, ‘తాళం వేస్తారు’ వేరు, ‘తాళం వేసి ఉంటుంది’ వేరు. అలవాటుకూ భవిష్యత్తుకూ మధ్య గీత ఇంగ్లీషులో ఉంటే, పనికీ స్థితికీ మధ్య గీత తెలుగులో ఉంది. అందుకే ఇటువంటి వాక్యం రాసినప్పుడు దాన్ని తెలుగులోకి తిప్పి చూడమన్నాను. ‘వేసి ఉంటుంది’ అని వస్తే “ఈజ్ కెప్ట్ లాక్‌డ్” అని, ‘వేస్తారు’ అని వస్తే చేసేవారిని చూపిస్తూ “ఈజ్ లాక్‌డ్ బై ది నైట్ సూపర్‌వైజర్” అని రాస్తే సందేహం మిగలదు. కోల్డ్ రూము మెయిలులో జరిగిన పొరపాటుకు ఈ కలయిక కూడా కొంత కారణమే. ఏజెంటు ‘ఈజ్ క్లోజ్‌డ్’ను శుక్రవారాల్లో ఉండే స్థితిగా చదివారు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఈ కేసు తర్వాత కొత్తగా వచ్చేవారి రాతలో కాలం తప్పులు కనిపిస్తే, మొదట యాక్టివ్, ప్యాసివ్ వాక్యాలను వేరు చేసి చూస్తున్నాను. తప్పు రెండింటిలోనూ ఉంటే కాలం గురించి బోధిస్తాను. ప్యాసివ్‌లోనే ఉంటే రాసేటప్పుడు మనసులో అనుకునే తెలుగు వాక్యాన్ని పైకి చెప్పమంటాను. చాలాసార్లు అందులో ‘బడును’ వినిపిస్తుంది. ఖాళీలు నింపే అభ్యాసంలో వచ్చే మార్కులను బట్టి రాతను అంచనా వేయడం మానేశాను. గడువు ఎంత దగ్గరలో ఉన్నా, కారణం తెలియకుండా ‘ఇది కొట్టేసి అది పెట్టండి’ అనే సూత్రం ఇవ్వడం కూడా మానేశాను.

ఆమె రాతలో ఇంకా కొన్ని తడబాట్లున్నాయి. “ఈజ్ బీయింగ్ వాష్‌డ్” అవసరం లేనిచోట కూడా అప్పుడప్పుడు వస్తుంది. రైలు వేళలు చెప్పేటప్పుడు “లీవ్స్ టుమారో” అని ప్రెజెంట్ ఎందుకు వస్తుందన్నది ఆమెకు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుదల కాలేదు. వేళల పట్టిక ఈరోజే ఖరారై ఉంది కాబట్టి అది ఈరోజు నిజమేనని నేను చెప్పిన వివరణను విని తలాడించారు గానీ, అడిగితే మాత్రం ‘విల్ లీవ్’ అనే రాస్తారు. అది తప్పు కాదు కాబట్టి నేను పట్టుబట్టలేదు.

ఈ మధ్య ప్యాక్‌హౌస్‌కు పండును తొందరగా చల్లబరిచే కొత్త యంత్రం వస్తోందని, దాని గురించి రెండు కాగితాలు రాశానని చూపించారు. ఒకటి సిబ్బందికి సర్క్యులర్, అందులో “విల్ బీ కూల్డ్” అని ఉంది. రెండోది పద్ధతి పత్రంలో చేరవలసిన పేజీ, అందులో “ఈజ్ కూల్డ్” అని ఉంది. రెండూ బాగున్నాయి, పేజీని ఫైలులో పెట్టేశారా అని అడిగాను. “ఇంకా లేదు సార్. మిషను నడవనీ, ఆ పొద్దే పెడతా. ఇప్పుడే పెడితే అబద్ధమవుతాది,” అని ఆ పేజీని మడిచి సంచిలో పెట్టుకున్నారు.